శుక్రవారం ఆల్బమ్‌లు: వారం వారం వినడం, విన్నదాని గురించి సరిగ్గా చెప్పడం ఎలా?

మా వాట్సాప్ గ్రూపులో పదకొండు మందిమి ఉన్నాం. ఆదివారం రాత్రి నేను ఆ వారం విన్న కొత్త ఆల్బమ్‌ల మీద నాలుగు ముక్కలు రాసి పెడతాను. పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేది ఇదే: "అన్నా, ఇన్ని ఎప్పుడు వింటవు? వినుడు సరే, గట్ల రాసుడెట్ల?" ఒక్కొక్కరికి విడిగా చెప్పీ చెప్పీ నోరు నొస్తోంది కాబట్టి మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక నిజం చెప్పేస్తా. నేను వినేది వారానికి మూడే. మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా రెండేసి సార్లు వింటా, ఏం రాసినా అది ఏ పాటలో ఎక్కడ ఉందో అడ్రస్‌తో సహా రాస్తా. ఈ పద్ధతి మొత్తం అంతే, మిగతాదంతా ఆ రెండు పనులు కుదరడానికి కావాల్సిన ఏర్పాట్లు.

1. ఒక్కసారి చేసుకుంటే చాలు అనే పనులు

ఒక ఆదివారం గంటసేపు కూర్చోండి. మీరు వాడే యాప్‌లో మీకు నచ్చినవాళ్లను ఫాలో కొట్టండి. స్పాటిఫైలో 'వాట్స్ న్యూ' అనే చోట మీరు ఫాలో అయ్యేవాళ్ల కొత్త పాటలు వరసగా కనిపిస్తాయి, 'రిలీజ్ రాడార్' అనే ప్లేలిస్ట్ ప్రతి శుక్రవారం మారుతుంది. అయితే వాటినే నమ్ముకుంటే మీరు ఇదివరకు విన్నలాంటివే మళ్లీ మళ్లీ వస్తాయి, కొత్త గొంతు కంటపడదు.

తెలుగుకి ఇంకో చిక్కు ఉంది. గాయకులను మాత్రమే ఫాలో అయితే లాభం లేదు, ఒక సినిమాలో ఐదుగురు పాడతారు. సంగీత దర్శకుణ్ణి ఫాలో అవ్వండి, ఆదిత్య, లహరి, సరిగమ లాంటి కంపెనీల యూట్యూబ్ ఛానెళ్లకు సబ్‌స్క్రైబ్ అవ్వండి. నోటిఫికేషన్ల గంట గుర్తు మాత్రం నొక్కకండి. రోజుకు పది ప్రోమోలు వచ్చి పడతాయి, రెండు రోజుల్లో విసుగొచ్చి మొత్తం ఆపేస్తారు.

దగ్గర ఉండాల్సినవి:

- ఒక వైరు ఇయర్‌ఫోన్, ఖరీదైనది అక్కర్లేదు, రెండు వైపులా సమానంగా వినిపిస్తే చాలు
- చిన్న నోట్‌బుక్, లేదంటే ఫోన్‌లో నోట్స్
- క్యాలెండర్‌లో గురువారం రాత్రి 8 గంటలకు ఒక రిమైండర్
- "వినాల్సినవి" అని ఒక ఖాళీ ప్లేలిస్ట్

2. ఏది ఎప్పుడు వస్తుందో తెలుసుకోండి

ప్రపంచం మొత్తం మీద కొత్త ఆల్బమ్‌లకు శుక్రవారం రోజు ఖాయమైంది 2015 జూలై 10 నుంచి. మామూలుగా ఏ దేశంలో అర్ధరాత్రి అయితే ఆ దేశంలో తెరుచుకుంటుంది, అంటే మనకు గురువారం రాత్రి 12 దాటగానే. కొందరు మాత్రం న్యూయార్క్ అర్ధరాత్రినే లెక్కగా పెట్టుకుంటారు. అప్పుడు మనకు వాళ్ల ఎండాకాలంలో పొద్దున 9:30, చలికాలంలో 10:30 అవుతుంది. కొరియా పాటల్లో చాలావరకు అక్కడి మధ్యాహ్నం 1కో సాయంత్రం 6కో వస్తాయి, మనకు పొద్దున 9:30 లేదా మధ్యాహ్నం 2:30. ఇది తెలియక మా గ్రూపులో ఒకడు రాత్రి రెండు దాకా రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నాడు పాపం.

తెలుగు సినిమా పాటలకు శుక్రవారం లెక్కే లేదు. ముహూర్తం చూసి 11:07 అని ఒకరు, 4:05 అని ఒకరు పోస్టర్ వేస్తారు. మొదటి పాట, రెండో పాట, మూడో పాట ఇలా నెలల తరబడి లిరికల్ వీడియోలు వదిలి, సినిమా దగ్గరపడ్డాక జూక్‌బాక్స్, అంటే పాటలన్నీ కలిపిన ఒకే వీడియో, పెడతారు. అందుకని ఒక్కో పాట వచ్చినప్పుడు ఆ పాట గురించే మాట్లాడండి, ఆల్బమ్ మీద తీర్పు జూక్‌బాక్స్ దాకా ఆపండి. రెండు పాటలు విని "ఆల్బమ్ పోయింది" అన్నవాళ్లు మూడో పాటకు నాలుక కరుచుకోవడం నేను చాలాసార్లు చూశా, ఆ లిస్టులో నేనూ ఉన్నా.

మన దగ్గరి జానపదాలది వేరే క్యాలెండర్. ఆషాఢంలో బోనాల పాటలు, వినాయక చవితి దాటిన దగ్గర్నుంచి బతుకమ్మ పాటలు, సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న పాటలు, రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర ముందు సమ్మక్క సారలమ్మ పాటలు. ఇవి ఆల్బమ్‌గా రావు, యూట్యూబ్‌లో ఒక్కొక్కటే వస్తాయి, మిగతా యాప్‌లలో కొన్ని అసలు దొరకవు. నేనేం చేస్తానంటే ఒక సీజన్‌లో వచ్చిన వాటిలోంచి ఎనిమిదో పదో ఏరి ప్లేలిస్ట్ చేసి, దాన్నే ఒక ఆల్బమ్ అనుకుని వింటా. విడిగా వింటే అన్నీ ఒకటే డీజే కొట్టుడులా అనిపించేవి, పక్కపక్కన పెట్టి వింటే ఎవరు కొత్త పదం రాశారో, ఎవరు పోయినేటి ట్యూన్‌కు రంగేశారో తెలిసిపోతుంది.

3. గురువారం రాత్రి: జాబితా, కోత

యాప్‌లో చూసినవి, గ్రూపులో ఎవరన్నా చెప్పినవి, వికీపీడియాలో ఆ ఏడాది ఆల్బమ్‌ల జాబితాలో కనిపించినవి అన్నీ కలిపి ఒక పదో పన్నెండో రాసుకోండి. ఇప్పుడు మూడుకి కోయండి.

లెక్క చూడండి. ఒక ఆల్బమ్ 40 నిమిషాలు, రెండుసార్లు వింటే 80. మూడింటికి నాలుగు గంటలు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల హోంవర్క్ మధ్య వారానికి నాలుగు గంటలు దొరకడమే గగనం. హన్మకొండలో కరీంనగర్ బస్సెక్కితే హుజూరాబాద్ వచ్చేసరికి ఒక ఆల్బమ్ అవుతుంది, నా వినడంలో సగం అలా బస్సులోనే.

కోసేటప్పుడు నేను పాటించేది: ఒకటి ఎలాగూ వినాలనిపించేది, ఒకటి తెలుగు, ఒకటి పేరు కూడా ఎప్పుడూ విననివాళ్లది. ఆ మూడోది ఎంచడానికి చిన్న చిట్కా. మొదటి పాట ముట్టుకోకండి. దుకాణంలో మంచి మామిడిపండ్లు పైన పేర్చినట్టు గట్టి పాటలను ముందే పెడతారు. రెండు మూడు పేర్లు పక్కన పెట్టుకుని, శుక్రవారం ఆల్బమ్ తెరుచుకున్నాక ఐదో పాటో ఆరో పాటో పెట్టి ఒక నిమిషం వినండి, అక్కడ కూడా పట్టుకుంటే ఆల్బమ్‌లో సరుకున్నట్టే.

పొడవు కూడా చూడండి. నాలుగు నుంచి ఆరు పాటలుండి మొత్తం అరగంట దాటకపోతే దాన్ని ఈపీ అంటారు, అలాంటివైతే ఒకే వారంలో రెండు పెట్టుకోవచ్చు.

మిగిలినవి "అప్పు" అని ఇంకో ప్లేలిస్ట్‌లో వేయండి. నెలాఖరు ఆదివారం ఒకటో రెండో తీర్చండి. రెండు నెలలు దాటినా వినకపోతే రుణమాఫీ, తీసేయండి. లేకపోతే ఆ జాబితా చూస్తేనే టెన్షన్ వస్తుంది.

4. వినే ముందు ఫోన్ సర్దుకోండి

ఇది చాలామంది దాటేస్తారు, నేనూ దాటేసి పరువు పోగొట్టుకున్నా. పోయినేడు ఒక గురువారం రాత్రి ఆల్బమ్ రాగానే విని, ఒంటిగంటకల్లా "మూడో పాటలో వెనక గొంతే లేదు, బోసిగా ఉంది" అని గ్రూపులో పెట్టి పడుకున్నా. పొద్దున హసన్‌పర్తిలో డీజే సౌండ్ నడిపే తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఎడమ దిక్కు ఆ పిల్ల గొంతు గంత మంచిగుంటే లేదంటవేంది?" నా ఎడమ ఇయర్‌బడ్ తీసి లైటు కింద పెట్టి చూస్తే జాలీ నిండా గులిమి. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా గీకి మళ్లీ పెట్టుకుంటే, రెండో చరణం మొదలు నుంచీ ఒక సన్నని గొంతు ఎడమ చెవి పక్కనే నిలబడి పాడుతోంది! ఎన్ని నెలలుగా అలా సగం చెవితో విన్నానో, ఆ నెలల్లో ఏమేం తీర్పులిచ్చానో ఆ దేవుడికే తెలియాలి.

అప్పట్నుంచి ప్రతి వారం ఇవి చూసుకుంటా:

- ఎడమ, కుడి రెండూ సమానంగా వస్తున్నాయా? బాగా తెలిసిన పాత పాట ఒకటి అర నిమిషం వినండి
- ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే శబ్దం పంపేది) ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి
- ఈక్వలైజర్, బాస్ బూస్ట్ ఆఫ్
- షఫుల్ ఆఫ్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాటలో కలిపేసేది) ఆఫ్
- ఆటోప్లే ఆఫ్, లేకపోతే ఆల్బమ్ అయిపోయాక యాప్ సొంతంగా వేసే పాటలను కూడా అందులోవే అనుకుంటారు
- వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోండి

డౌన్‌లోడ్ ఎందుకంటే 320 కేబీపీఎస్ నాణ్యతలో నిమిషానికి 2.4 ఎంబీ, 45 నిమిషాల ఆల్బమ్‌కు దాదాపు 108 ఎంబీ అవుతుంది. డేటా సంగతి అటుంచితే, ఊరు దాటాక సిగ్నల్ తగ్గితే యాప్ దానంతటదే నాణ్యత తగ్గించేస్తుంది, మీరేమో మిక్సింగ్ బాగోలేదని రాస్తారు. ఉచిత ఖాతాలో వరసగా విననివ్వకపోతే యూట్యూబ్‌లో అదే ఆల్బమ్ ప్లేలిస్ట్ వెతకండి.

5. మొదటిసారి: ఊరికే వినండి

నోట్‌బుక్ వద్దు. లిరిక్స్ వద్దు. ముఖ్యంగా కామెంట్లు చదవద్దు. ఒకసారి "స్లో పాయిజన్ అన్నా, నాలుగోసారికి ఎక్కుద్ది" అనే కామెంట్ చదివారంటే ఇక మీ చెవి మీది కాదు.

నేను భద్రకాళి బండ్ మీద నడుస్తూ వింటా. మధ్యలో ఆపను, వెనక్కి తిప్పను, పాట నచ్చకపోయినా దాటేయను. ఎక్కడైనా అడుగు ఆగితే, లేదా ఫోన్ తీసి ఇంకేదో చూడాలనిపిస్తే ఆ పాట నంబరు గుర్తుపెట్టుకుంటా. రెండూ సమాచారమే. విసుగు పుట్టిన చోటు కూడా రాయాల్సిన విషయమే.

6. రెండోసారి: నోట్‌బుక్‌తో

కనీసం ఒక రాత్రి గడవనివ్వండి. ఈసారి కూర్చుని, లిరిక్స్, ఎవరెవరు పనిచేశారో ఆ పేర్లు ముందు పెట్టుకుని వినండి. ప్రతి పాటకు ఒకటో రెండో గుర్తులు చాలు, కానీ నిమిషం, సెకను తప్పకుండా రాయండి. నా పేజీ ఒకటి ఉన్నదున్నట్టు ఇలా ఉంటుంది:

"పాట 2. ఎత్తుగడ బాగుంది. 0:48 పల్లవిలో మాట విరిగింది. 1:42 డప్పు మిషన్‌ది. 2:30 ఫ్లూట్ బిట్, మళ్లీ విను. పాట 3. చరణం రెండు అనవసరం. పాట 4. నిద్ర."

ఇందులో రెండు సంగతులు వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు పాటల మీద రాసేవాళ్లు వీటిని ఎక్కువగా వదిలేస్తారు.

మొదటిది, మాట విరగడం. ట్యూన్‌లో ఇమడ్చడం కోసం 'వానకాలం' అనే మాటను 'వా... నకాలం' అని పాడిస్తే చెవి ఒక్క క్షణం తడబడుతుంది. పల్లవిని పాడకుండా మామూలు మాటలా చదివి చూడండి. చదివినప్పుడు ఎక్కడ ఆగుతారో పాటలోనూ అక్కడే ఆగితే రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు కలిసి కూర్చున్నట్టు. 'ల'కు 'ళ'కు తేడా పోయిందా, ఒత్తులు మింగేశారా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. మన యాసలో రాసిన పాటైతే ఇంకో పరీక్ష. పల్లవిలో 'ఒచ్చిండు' అని, చరణంలోకి వచ్చేసరికి 'వచ్చాడు' అయిందా? అయితే యాస పైపూతే.

రెండోది డప్పు. చిర్ర అనే లావు కర్ర, సిటికెన పుల్ల అనే సన్నపుల్ల రెండింటితో మనిషి వాయించే డప్పులో ప్రతి దెబ్బా ఒక్కలా పడదు. పెద్ద దెబ్బల నడుమ సన్నపుల్ల చేసే చప్పుడు ఒకసారి గట్టిగా, ఒకసారి తాకీతాకనట్టు ఉంటుంది, పాట వేడెక్కేకొద్దీ చేయి కూడా మారుతుంది. లూప్, అంటే ఒకే ముక్కను మిషన్ తిప్పి తిప్పి వేసేది, అయితే నాలుగు మాత్రలకోసారి అచ్చు గుద్దినట్టు అదే చప్పుడు తిరిగొస్తుంది. కళ్లు మూసుకుని ఇరవై సెకన్లు దరువు ఒక్కదాన్నే పట్టుకుని వినండి. లూప్ వాడటం తప్పు కాదు, డీజే పాటకు అదే సరిపోతుంది కూడా. కానీ జాతర పాటకు చేసినప్పుడు నాకు చప్పగా ఉంటుంది, ఆ మాట నేను రాస్తా.

భాష తెలియని ఆల్బమ్ అయితే "సాహిత్యం నాకు అర్థం కాలేదు" అని మొదటి లైన్‌లోనే చెప్పి, వినిపించిన దాని గురించే రాయండి. మర్యాద పోదు.

7. రాయడం

ఎంత చిన్నదైనా ఈ వరస పాటించండి: ఏ ఆల్బమ్, ఎన్ని పాటలు, ఎంతసేపు, ఎన్నిసార్లు విన్నారు. తర్వాత బాగున్న చోటు ఒకటి, బాగోని చోటు ఒకటి. చివర ఎవరికి నచ్చొచ్చో. అంతే, 80 మాటలు దాటనక్కర్లేదు.

ఇలా రాయకండి: "ఆల్బమ్ అదిరింది, మ్యూజిక్ నెక్స్ట్ లెవెల్, బీజీఎం గూస్‌బంప్స్." ఇది ఏ ఆల్బమ్ కిందైనా అతుకుతుంది.

ఇలా మార్చండి: "రెండో పాట 2:30 దగ్గర దరువంతా ఆగిపోయి ఫ్లూట్ ఒక్కటే వస్తుంది, ఆ పది సెకన్ల కోసమే పాట మూడుసార్లు విన్నా. నాలుగో పాట మాత్రం పల్లవి ఆరుసార్లు తిప్పడం తప్ప ముందుకు పోలేదు." చదివినవాడు నేరుగా 2:30కి వెళ్లి విని "నాకలా అనిపించలేదు అన్నా" అనగలడు. కొట్లాడుకోవడానికి కూడా ఒక చోటుండాలి కదా.

మార్కులు నేను వేయను. పదికి 7 ఇచ్చినప్పుడు 6 ఎందుకు కాదో నాకే తెలియదు. మూడు డబ్బాలు పెట్టుకున్నా: మళ్లీ వింటా, ఒకసారి చాలు, నాకు కాదు. మూడోది "బాగోలేదు"తో సమానం కాదు, ఆ తేడా నిలుపుకోండి.

8. పంచుకోవడం

పాట ఫైల్ పంపకండి, లింక్ పంపండి. గ్రూపులో వాయిస్ నోట్ పెడితే నిమిషం లోపు, అంతకు మించితే వినరు, నేనూ వినను.

రీల్ చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. "10 సెకన్లు వాడితే కాపీరైట్ రాదు", "30 సెకన్ల దాకా ఫ్రీ" అనేవి పుకార్లే. మన కాపీరైట్ చట్టం (1957) 52వ సెక్షన్ విమర్శ, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది గానీ, అందులో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. పైగా యూట్యూబ్ కంటెంట్ ఐడీ అనేది మిషన్, మీరు సమీక్ష చేస్తున్నారా డ్యాన్స్ చేస్తున్నారా అని చూడదు, పాట గుర్తుపడితే క్లెయిమ్ వేసేస్తుంది. పాట వెయ్యకుండా మాట్లాడండి, కావాలంటే ఆ ముక్క మీరే హమ్ చేసి చూపించండి.

హీరో పేరు ట్యాగ్ చేయకండి. మీరు పాట గురించి రాస్తారు, వచ్చేవాళ్లు హీరో గురించి కొట్లాడతారు, సాయంత్రానికల్లా అసలు పాటేదో ఎవరికీ గుర్తుండదు. తెలిసినవాళ్ల ఆల్బమ్ అయితే, లేదా డబ్బులో బహుమతో అందితే ఆ సంగతి మొదటి లైన్‌లోనే చెప్పండి.

9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

"ఇది కాపీ!" ఒకే రాగం, ఒకే రకం దరువు ఉన్నంత మాత్రాన కాపీ కాదు. రెండు పాటల పల్లవులూ మాటలు లేకుండా, నెమ్మదిగా హమ్ చేయండి. స్వరాల నడక ఒక్కటై, విరుపులు కూడా అవే చోట్ల పడితే అప్పుడు అనుమానించండి. అప్పుడు కూడా "పోలిక ఉంది, ఇక్కడ" అని చోటు చూపించి ఊరుకోండి.

పాత ఆల్బమ్‌తో పోల్చడం. పదేళ్లుగా వింటున్నదాన్ని పొద్దున వచ్చినదాని పక్కన పెడితే కొత్తది ఎప్పుడూ ఓడుతుంది. పోల్చాలనిపిస్తే నెల ఆగండి.

మీ చెవి ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోవడం. మా డీజే తమ్ముడిది ఒకటే ప్రశ్న, "బరాత్‌ల నడుస్తదా?" మొదట్లో నవ్వేవాణ్ణి. ఒకసారి వాడి పెద్ద బాక్సుల ముందు నిలబడి, ఇయర్‌ఫోన్‌లో నేను గోల అని కొట్టిపారేసిన పాట వింటే వేరే పాటలా ఉంది. అప్పట్నుంచి ఎలా విన్నానో కూడా రాస్తున్నా: ఇయర్‌ఫోన్, కారు, బాక్స్.

ఆల్బమ్ మారిపోవడం. వచ్చిన కొన్నాళ్లకు అదనపు పాటలతో డీలక్స్ అని మళ్లీ పెడతారు. మీరు విన్నప్పుడు ఎన్ని పాటలున్నాయో రాసి ఉంచితే తర్వాత గొడవ ఉండదు.

10. వారం పట్టిక

- గురువారం రాత్రి: జాబితా, కోత, ఇయర్‌ఫోన్ పరీక్ష. వచ్చేదాకా మేలుకోవద్దు, పడుకోండి
- శుక్రవారం, శనివారం: మూడోది ఖాయం చేసుకుని డౌన్‌లోడ్, మూడూ మొదటిసారి. నోరు మెదపకండి
- ఆదివారం పొద్దున: రెండోసారి, నోట్‌బుక్‌తో. ఒకటి మిగిలితే సోమవారానికి
- ఆదివారం రాత్రి: రాసి, ఒకసారి పైకి చదువుకుని, పెట్టేయండి
- సోమ, మంగళ: వాళ్లేమన్నారో చదవండి, చూపించిన చోటికి వెళ్లి వినండి
- బుధవారం: అభిప్రాయం మారితే పాత పోస్ట్ తుడిచేయకుండా, కిందే "మార్చుకున్నా, ఎందుకంటే" అని ఒక లైన్ రాయండి. నావి నెలకు ఒకటో రెండో మారుతుంటాయి, గులిమి వల్ల మారింది మాత్రం ఇప్పటిదాకా ఒక్కటే